జొన్నగింజంత సందు

గొర్లు కాసే తాత వాకిలి దాటి రోడ్డు మీదికి వెళ్ళాడు. మాకు వీపు తిప్పి నిలబడి, భుజం మీది గొంగడి సర్దుకొని, నాలుక కొనను కొత్త పళ్ళ వెనుక ఆనించి ఊదాడు. హుస్సుమని గాలి వచ్చింది. మళ్ళీ ఊదాడు. మళ్ళీ గాలే. ఎదురుగా రైలు కట్ట కింద మేస్తున్న మందలో ఒక్క గొర్రె కూడా తల ఎత్తలేదు. నేను చేతిలో మైనపు కత్తి పట్టుకొని కిటికీలోంచి చూస్తున్నాను. ఆ రెండోసారి ఊదినప్పుడు కత్తి బల్ల మీద పెట్టేశాను. ఈల ఎందుకు రావడం లేదో పాలమూరు మొత్తంలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మరి.

ఆ రోజుల్లో, అంటే మరీ పాతకాలమేమీ కాదు, తొమ్మిదేళ్ళ కిందటి మాట, కాలేజీ గడప తొక్కిన ఆడపిల్ల మా చుట్టాల్లో నేనొక్కదాన్నే. హైదరాబాదులో ఇంటర్ చదువుతూ, లెక్కలు ఉర్దూలోనూ, కలలు ఇంగ్లీషులోనూ, కూర బాగాలేదని అలగడం తెలుగులోనూ చేసేదాన్ని. సెలవులకు ఇంటికి వస్తే నన్ను చూడడానికి వచ్చిన పెద్దవాళ్ళు నేనేం మాట్లాడినా తల ఊపేవారు. పద్దెనిమిదేళ్ళ పిల్లకు అంతకన్నా చెరుపు ఇంకొకటి లేదు. నాలుగు పుస్తకాలు చదివితే ఎదుటివాళ్ళ మేలు వాళ్ళకన్నా మనకే ఎక్కువ తెలుస్తుందని నేను నిజంగానే నమ్మాను. (ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లినై, వాళ్ళకు జలుబు చేస్తే ఏం చెయ్యాలో తెలియక ముగ్గురిని అడుగుతున్నాను. ఆ పిల్ల ఎటు పోయిందో.)

ఆ ఎండాకాలం సెలవుల్లో అమ్మ నన్ను పాలమూరులో ఉన్న మేనమామ ఇంటికి పంపింది. అత్త నెలలు నిండి ఉంది, ఇంట్లో తోడు కావాలి. మామ పళ్ళ డాక్టరు. బొంబాయిలో చదివి వచ్చాడు. ఇంటి ముందరి గదిలోనే దవాఖాన. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పన్ను పీకించుకొని, దాన్ని కాగితంలో చుట్టుకొని, గుమ్మం దాటేదాకా మామను తిట్టుకుంటూ పోయేవాళ్ళే. కట్టుడు పళ్ళు కావాలని వచ్చేవాళ్ళు నెలకు ఒకరో ఇద్దరో.

మామ నన్ను ఆ పనిలోకి దించడానికి కారణం నా చదువు కాదు, నా ముగ్గు. వచ్చిన మర్నాడు పొద్దున నేను వాకిట్లో పెట్టిన ముగ్గును చూసి, చుక్క చుక్కకూ మధ్య ఎడం ఒక్కలాగే ఉందని, జానతో కొలిచి మరీ మెచ్చుకున్నాడు. ఆ సాయంత్రమే నన్ను బల్ల ముందు కూర్చోబెట్టి పని చూపించాడు. రోగి దవడకు సున్నపు అచ్చు తీసి ఉంటుంది. దాని మీద మైనం కరిగించి పోసి, చిన్న పిట్టగోడలాగా ఒక గట్టు కట్టాలి. ఓడలో సీమనుంచి వచ్చిన పింగాణీ పళ్ళు పట్టీలకు గుచ్చి ఉంటాయి. స్పిరిట్ దీపం మీద కత్తి వేడిచేసి, గట్టులో ఒక్కొక్క పంటికీ జాగా చేసి, వాటిని ఒక్కొక్కటిగా నిలబెట్టాలి. ఎత్తు, వంపు, కింది పళ్ళతో కలయిక, అన్నీ అక్కడే సరిచూసుకోవాలి. ఆ మైనపు పళ్ళనే ఒకసారి రోగి నోట్లో పెట్టి చూసి, అంతా బాగుంటే అప్పుడు మైనం స్థానంలో రబ్బరు నింపి ఆవిరి డేగిసాలో ఉడికిస్తారు. రబ్బరు గట్టిపడిందంటే ఇంక అంతే, కదలదు.

నాకా పని పిచ్చిగా నచ్చింది. వేడి మైనం వాసన, దీపపు నీలి మంట, నా వేలికింద ఒక నవ్వు తయారవుతూ ఉండడం. మొదట సర్కారు కచేరీలో పనిచేసే ఒక గుమాస్తాకు కింది పళ్ళు పేర్చాను. మామ అటు తిప్పి, ఇటు తిప్పి చూసి, "నా కన్న నయంగ పెట్టినవ్ బిడ్డా" అన్నాడు. ఆ మాటతో నా తల తిరిగింది. అప్పటినుంచి నాకు మనుషులు కనబడడం మానేసి పళ్ళు కనబడడం మొదలయ్యాయి. ఎవరు మాట్లాడినా నోట్లోకే చూసేదాన్ని. ఆ రోజుల్లోనే నన్ను చూసుకోవడానికి ఒక పెళ్ళివారు వచ్చారు. వాళ్ళమ్మ నాతో గంటసేపు మాట్లాడింది. ఆమె ఏం మాట్లాడిందో ఇప్పటికీ తెలియదు గానీ ఎడమవైపు పై వరసలో రెండు పళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయని మాత్రం చెప్పగలను. (ఆ సంబంధం తప్పిపోయింది. జాతకాలు కుదరలేదన్నారు, నేనూ అదే నమ్ముతున్నాను.) వాళ్ళు వెళ్ళాక అత్త అన్నది, "మాట్లాడేటోళ్ళ కండ్ల దిక్కు సూడవే పిల్లా, నోట్లెకు కాదు" అని. ఆ మాట అప్పుడే చెవికెక్కి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

అటువంటి రోజుల్లో తాత వచ్చాడు. మూడు కోసుల దూరంలోని పల్లెలో గొర్లు మేపుకునే మనిషి. వెనుక అవ్వ. ఆయన పై వరస పళ్ళు కొన్ని వాటంతట అవే ఊడాయి, ముందరి రెండూ అంతకు ముందు ఏడాది ఒక పొట్టేలు కుమ్మితే పోయాయి, మిగిలిన నాలుగింటిని మామ తీసేశాడు. ఆ రోజు అచ్చు తీశాక మామ పక్కగదిలో ఎవరిదో దవడ పన్నుతో కుస్తీ పడుతున్నాడు. తాత నా బల్ల దగ్గరికి వచ్చి నేల మీద గొంతుక్కూర్చున్నాడు. కుర్చీ చూపిస్తే వద్దన్నాడు. ధోవతి కొంగు ముడి విప్పి, పొట్టేలు కుమ్మిన ఆ రెండు పళ్ళూ తీసి నా ముందు పెట్టాడు. ఏడాదిగా దాచుకున్నాడన్నమాట. వాటిని పక్కపక్కన నిలబెట్టి, మళ్ళీ కొంచెం ఎడంగా జరిపాడు. అదే ముడిలోంచి ఒక జొన్నగింజ తీసి ఆ రెండింటి మధ్య పెట్టాడు.

"గింత సందు ఉండె బిడ్డా నాకు. పుట్టుకతోనే. గిది పట్టాలె, గంతే."

ఎందుకని అడిగాను. ఆయన సిగ్గుపడుతూ చెప్పాడు. ఆ సందులోంచే ఈల వేస్తాడట. ఆ ఈలకే మంద లేస్తుంది, ఆ ఈలకే ఆగుతుంది, చీకటి పడితే ఆ ఈలకే చుట్టూ చేరుతుంది. పళ్ళు పోయినప్పటినుంచి నోట్లోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు, వేళ్ళు పెట్టి ఊదినా గొర్లకు అది తెలియదు. మంద మాట వినడం లేదు. పోయిన నెలలో రెండు తప్పిపోయి తోడేళ్ళ పాలయ్యాయి. పెద్దకొడుకు ఇంక మందను తాను తోలుకుపోతానని, నాయిన ఇంట్లో కూర్చోవాలని అంటున్నాడు. పళ్ళు కట్టించుకున్నాక ఒక్కసారి చూద్దాం, ఈలకు మంద తిరిగితే నీదే, లేకపోతే నాది, అని తండ్రీ కొడుకులు మాట అనుకున్నారు.

"తినుడుకేమున్నది బిడ్డా, అంబలి తాగుత. గొర్లు లేకుంటే పొద్దుగాల లేసి యాడికి పోవాలె నేను?"

అంతా విన్నాను. తల కూడా ఊపాను. ఆయన వెళ్ళాక బల్ల తుడుస్తూ ఆ జొన్నగింజను కిటికీలోంచి బయటికి ఊడ్చేశాను. పిచ్చుక ఒకటి వచ్చి దాన్ని ఎత్తుకుపోయింది. అది కూడా నేను చూశాను.

అలా ఎందుకు చేశానో చెప్పడం కష్టం. చెడ్డతనం ఏమీ లేదు, అదే ఇంకా సిగ్గుగా ఉంటుంది. మొదట సందు ఉంచే పేర్చాను. పన్నెండు పళ్ళు చక్కగా కూర్చున్నాయి, ముందర ఆ ఒక్క చోట మాత్రం ముగ్గులో చుక్క తప్పినట్టు ఉంది. మామ దగ్గరి లావుపాటి ఇంగ్లీషు పుస్తకంలో బొమ్మలు చూశాను. ఏ బొమ్మలోనూ సందు లేదు. పైగా ఈల అనేది నా లెక్కలో మర్యాదైన సంగతి కాదు. హాస్టలులో ఒకమ్మాయి ఈల వేసిందని వారం రోజులు బయటికి పోనివ్వలేదు. ఈ ముసలాయన ఒకసారి అద్దంలో తన ముఖం చూసుకుంటే ఈల గీల అన్నీ మరిచిపోతాడు, గొర్లను పిలవడానికి నోరు లేదా, కర్ర లేదా, అనుకున్నాను. కత్తి వేడిచేశాను. మైనం మెత్తబడింది. రెండు పళ్ళూ ఒకదానికొకటి ఆనుకున్నాయి. ఎంత సులువుగా ఆనుకున్నాయంటే, అదే న్యాయమేమో అనిపించింది.

మైనపు పళ్ళు పెట్టి చూసే రోజున తాతా అవ్వా మళ్ళీ వచ్చారు. మామ వాటిని తాత నోట్లో పెట్టి, నవ్వమన్నాడు, పళ్ళు కరిచి పట్టమన్నాడు, ఒకటినుంచి పది దాకా లెక్కపెట్టమన్నాడు. అంతా కుదిరింది. అద్దం ఇచ్చాడు. అవ్వ పక్కనుంచి తొంగిచూసి, "అయ్యో, పెండ్లి పిలగాని లెక్క అయినవ్. ఇగ నన్ను ఇడిసిపెట్టి ఇంకోదాన్ని తెస్తవా ఏంది" అన్నది. మామ నవ్వాడు, లోపలినుంచి అత్త కూడా నవ్వింది. తాత మాత్రం నాలుకతో ముందరి పళ్ళు తడుముకుంటున్నాడు. అక్కడే ఈల వేసి చూసుకుంటే సరిపోయేది. కానీ నాలుగు గోడల మధ్య, డాక్టరు ముందు, నిండు చూలాలు ఉన్న ఇంట్లో ఈల వేసేంత తెలివితక్కువ మనిషి కాదాయన. ఇంట్లో ఈల వేస్తే లక్ష్మి లేచిపోతుందంటారు. ఆయన మర్యాద నాకు అడ్డుగోడ అయింది. మామ చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే మెల్లగా నన్ను అడిగాడు.

"సందు కానొస్తలేదు గదా బిడ్డా?"

"మైనంల గట్లనే ఉంటది తాతా. రబ్బరు అయినంక సరి అయితది."

పద్దెనిమిదేళ్ళ గొంతు, ఇంటర్ చదువు, తెల్లటి వోణీ. ఎందుకు నమ్మడు? తలకు చుట్టిన రుమాలు సర్దుకొని, "నీకు తెల్వదా మరి" అని లేచాడు.

ఆ మర్నాడు రబ్బరు నింపి ఉడికించాం. డేగిసా బుసలు కొడుతుంటే నాకు ఒక్కసారి భయమేసింది. ఇప్పుడే మామకు చెబితే, మూత తెరిస్తే, అనుకున్నాను. ఇంకాసేపు ఆగి చెబుదామనుకున్నాను. ఆ ఇంకాసేపట్లోనే గట్టిపడిపోయింది.

పళ్ళు ఇచ్చే రోజున మంద కూడా వచ్చింది. పెద్దకొడుకు దాన్ని తోలుకొని వచ్చి రైలు కట్ట కింద వదిలి, కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. తాత కొత్త పళ్ళు పెట్టుకొని వాకిలి దాటి వెళ్ళి ఊదింది అప్పుడే. మొదటే చెప్పాను. రెండుసార్లు కాదు, ఆయన ఏడుసార్లు ఊదాడు. నేను లెక్కపెట్టాను. ఏడోసారికి కొడుకు దగ్గరికి వచ్చి, తండ్రి ముఖంలోకి చూడకుండా, "ఇగ సాలు నాయినా" అన్నాడు. వెక్కిరించినట్టు అని ఉంటే నాకు కొంచెం బాగుండేది. చాలా మెత్తగా అన్నాడు.

తాత లోపలికి వచ్చి పళ్ళు తీసి మామ బల్ల మీద పెట్టాడు. సంగతేమిటని మామ అడిగితే పొడిపొడిగా చెప్పాడు. మామ పళ్ళు చేతిలోకి తీసుకొని వెలుగుకు పట్టి చూశాడు. తరువాత నన్ను చూశాడు.

"సందు ఉంచాలని నీతోని చెప్పిండా?"

"లేదు మామా" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎంత సాఫీగా వచ్చిందో. తాత నా వైపు చూశాడు. ఒక్క క్షణం. కోపం ఏమీ లేదు ఆ చూపులో, ఎదిగీ ఎదగని పిల్ల గుంటలో పడితే చూసినట్టు చూశాడు. మామ వైపు తిరిగి, "చెప్పనే లేదు సారూ. యాది మర్సిన" అన్నాడు.

అవ్వ ఊరుకుంటుందా? "నువ్వు యాది మర్సినవా?" అంటూ అందుకుంది. ఇంటి దగ్గరినుంచి మూడు కోసులూ అదే మాట చెప్పుకుంటూ వచ్చాడని, జొన్నగింజ జారిపోతుందేమోనని ముడి మీద ముడి వేసి దారి పొడుగునా తడుముకుంటూ నడిచాడని, పెళ్ళినాడు తాళిని కూడా అంత పదిలంగా పట్టుకోలేదని, గుక్క తిప్పుకోకుండా చెప్పింది. తాత గొంగడి చెంగుతో ముఖం తుడుచుకుంటూ, "గమ్మునుండవే" అన్నాడు. మామకు అంతా అర్థమైంది. కాలితో తొక్కే సాన మిషను వైపు వేలు చూపించి, "తొక్కు" అన్నాడు.

నేను తొక్కాను. మామ ఆ రెండు పింగాణీ పళ్ళ పక్కలను రవ్వంత రవ్వంత అరగదీశాడు. కొంచెం అరగదీయడం, తాత పెట్టుకొని రోడ్డు మీదికి పోయి ఊదడం, తిరిగి రావడం. నాలుగుసార్లు తిరిగాడు. ఇంతలో బజారులో సగం మంది మా వాకిట్లో చేరారు. పాన్ డబ్బా సాయిబు దుకాణం వదిలి వచ్చి, "జర ఇంకొంచెం తియ్యుండ్రి డాక్టర్ సాబ్" అని సలహా కూడా ఇచ్చాడు. ఎవరెవరో పక్కన నిలబడి తమ సందుల్లోంచి ఊది చూపించారు. నాకు మోకాళ్ళు నొప్పిపుట్టాయి, ముఖం కాలిపోతోంది, ఆపమని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు. అయిదోసారి ఈల వచ్చింది. సన్నగా, సూదిలాగా. ఎంత పదునుగా వచ్చిందంటే ఎదురింటి ముందు ఆగి ఉన్న జట్కా గుర్రం బెదిరి, జట్కావాడు లేకుండానే స్టేషను వైపు బయలుదేరింది. జనం దాని వెంట పరుగు. వాకిలి ఖాళీ అయింది.

మంద మాత్రం కదలలేదు. అది వాటికి తెలిసిన ఈల కాదు. పాతది లావుగా, బొంగురుగా ఉండేదట. ముసలి పొట్టేలు ఒకటి తల తిప్పి చూసి, ఎవరో పరాయివాడనుకొని మళ్ళీ గడ్డిలో మూతి పెట్టింది. కాసేపటికి గుంపు అంచునుంచి ఒక చిన్న గొర్రెపిల్ల చెవులు ఆడిస్తూ నాలుగడుగులు ముందుకు వేసింది. దాని వెనుక ఇంకొకటి.

తాత వాటినే చూస్తూ కొడుకుతో అన్నాడు. "పెద్దయి ఇనకపాయె. పెద్దయి నువ్వు తోలుకపో. ఈయేటి పిల్లలు నాకు ఇడువు. గవి నేర్సుకుంటయి తియ్."

కొడుకు ఒప్పుకున్నాడు. పాలు మానిన పిల్లలు పద్దెనిమిదో ఇరవయ్యో తాతకు మిగిలాయి. పెద్దమంద కొడుకు వెంట దక్షిణం దారి పట్టింది. కనుచూపు దాటేదాకా తాత ఆ దారినే చూస్తూ నిలబడ్డాడు. పేరు పెట్టి పిలుచుకున్న జీవాలవి.

మామ నన్ను తిట్టలేదు. రాత్రి అన్నం తినేటప్పుడు మాత్రం, తల ఎత్తకుండా, "దిద్దుకుందామనే గదా బిడ్డా ముందుగాల మైనంల పెట్టేది" అన్నాడు. మళ్ళీ బల్ల దగ్గరికి రమ్మని పిలిచాడు కూడా. నేనే వెళ్ళలేకపోయాను. అత్త పురుడు పోసుకున్నాక ఇంటికి వచ్చేశాను. చలికాలం మొదట్లో మామ చేత ఒక మూట వచ్చింది. విప్పితే నల్ల గొంగడి. గొర్రెపిల్లల ఉన్ని, మెత్తగా ఉంది. సదువుకునే బిడ్డకు ఇవ్వమని అవ్వ తెచ్చి ఇచ్చిందట. ఈల బాగానే వింటున్నాయని చెప్పమన్నదట. నేను దాన్ని రెండేళ్ళు పెట్టె అడుగున పెట్టాను, కప్పుకోవడానికి మనసు రాక.

ఇప్పుడు నల్లగొండలో ఈ కిరాయి ఇంట్లో నా పిల్లలిద్దరూ ఆ గొంగడే కప్పుకొని పడుకున్నారు. బిడ్డకు ఏడేళ్ళు, కొడుకుకు నాలుగు. ఈ వారమే బిడ్డకు ముందరి పన్ను ఒకటి ఊడింది. ఈ రోజు సాయంత్రం ఆ సందులోంచి దానికి ఈల వచ్చింది. ఇల్లంతా తిరుగుతూ వేసింది. పన్ను ఊడని తమ్ముడు కూడా వేద్దామని ప్రయత్నించి అందరి మీదా ఉమ్మి చిమ్మాడు. మా అత్తగారు జపమాల పక్కన పెట్టి నా వైపు చూసింది. మా ఆయన బడి పరీక్షల పని మీద పట్నం పోయి వారమైంది. కాలం బాగాలేదు, పొద్దు గూకాక ఎక్కడ ఈల వినబడినా ఊరి మీద పడేవాళ్ళ సైగేమోనని ఈ వీధిలో తలుపులు వేసుకుంటున్నారు. నాకు ఏమి తోచిందో, బిడ్డను ఒక్కటి వేశాను. పన్ను వచ్చేదాకా నోరు మూసుకొని ఉండమన్నాను. అది ఏడవలేదు. నోరు గట్టిగా మూసుకొని, అలాగే అన్నం కూడా తినకుండా పడుకుంది. అందుకే నిద్రపట్టక దీపం ముందు కూర్చొని ఇదంతా రాశాను. తాత ఇంకా ఉన్నాడో లేడో తెలియదు. ఆనాటి గొర్రెపిల్లలకు ఇప్పటికి పిల్లల పిల్లలు పుట్టి ఉంటాయి. వాటికి ఆ సన్నటి ఈలే తాతముత్తాతల నాటిదని అనిపిస్తూ ఉంటుందేమో. అది తలుచుకుంటే కొంచెం నవ్వు వచ్చింది.

ఈ నాలుగు మాటలు తెల్లవారాక కలుపుతున్నాను. పొద్దున ఇద్దరినీ గొంగడి మీదే కూర్చోబెట్టి, జొన్నరొట్టె తుంచి పెడుతూ తాత కథ చెప్పాను. గుర్రం బెదిరిన చోట కొడుకు పడి పడి నవ్వాడు. బిడ్డ నవ్వలేదు. "తాత నీకు ముందే చెప్పిండా అమ్మా?" అని అడిగింది. తొమ్మిదేళ్ళలో నన్ను ఆ మాట రెండోసారి అడిగినది ఇదే.

"చెప్పిండు బిడ్డా. గింజ సుత ఇచ్చిండు. నేను ఇన్న. ఇని గూడ సందు మూసిన. మామ అడిగితే చెప్పలేదన్న."

అది నా ముఖంలోకి చాలాసేపు చూసింది. (కళ్ళలోకే చూసింది, నోట్లోకి కాదు. వాళ్ళ నాయిన పోలిక.) అప్పుడు దాని ముందు నుంచి పళ్ళెం తీస్తూ అన్నాను: "ఇంట్ల వద్దు. నాయనమ్మ జపం కాడ వద్దు. పొద్దు గూకినంక అసలే వద్దు. దొడ్లెకు పోయి వెయ్యి. గట్టిగ వెయ్యి, వంటింట్ల నాకు ఇనబడాలె."